క్షయలో ఎంత నిరోధకత చాలు? లలితా రామకృష్ణన్ పరిశోధన చెప్పేదేమిటి?

క్షయ క్రిమి సోకినవాళ్లలో పదింట తొమ్మిది మందికి జబ్బు రాదు. రాబర్ట్ కాక్ 1882లో ఆ క్రిమిని గుర్తించి లోకానికి చూపించాడు. అప్పటి నుంచీ వైద్యుల్ని వేధిస్తున్న ప్రశ్న ఒకటే: మిగిలిన ఆ ఒక్కరికి ఎందుకు వస్తుంది? మన ఇళ్లలో దీనికి సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది. ఒంట్లో నిరోధక శక్తి తగ్గింది, అందుకే వచ్చింది అంటారు. సరైన తిండి లేనివాళ్లకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు, షుగర్ వ్యాధిగ్రస్తులకు టీబీ ముప్పు ఎక్కువన్నది రుజువైన విషయమే కాబట్టి ఆ జవాబులో నిజం ఉంది. కానీ అది సగం నిజం. టీబీలో నిరోధక స్పందన తక్కువైనా చేటే, ఎక్కువైనా చేటే. పైగా మనల్ని కాపాడాల్సిన కణాల్లోనే కాపురం పెట్టి, వాటి సాయంతోనే క్రిమి పెరుగుతుంది. ఆ మిగతా సగాన్ని కళ్లకు కట్టినట్టు చూపించిన శాస్త్రవేత్తల్లో లలితా రామకృష్ణన్‌ది ముందు వరస.

ఆమె పేరు చెప్పగానే నోబెల్ గ్రహీత వెంకీ రామకృష్ణన్ చెల్లెలు అని పరిచయం చేయడం పత్రికలకు అలవాటైపోయింది. ఆమె చేసిన పనికి ఆ ఊతం అక్కర్లేదు. పెరిగింది బరోడాలో. తండ్రి సి.వి. రామకృష్ణన్ అక్కడి మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ ఆచార్యుడు. తల్లి రాజలక్ష్మి కెనడాలోని మెక్‌గిల్‌లో సైకాలజీలో పీహెచ్‌డీ చేసి వచ్చి, బరోడాలో పోషకాహారం మీద పరిశోధనలు చేసిన శాస్త్రవేత్త. లలిత బరోడా మెడికల్ కాలేజీలో వైద్యం చదివి, అమెరికా వెళ్లి టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేశారు. తర్వాత మళ్లీ ఆసుపత్రి వైపు వచ్చి అంటువ్యాధుల చికిత్సలో శిక్షణ పొందారు. రోగి పక్కన నిలబడ్డ అనుభవం, ప్రయోగశాల క్రమశిక్షణ రెండూ ఒకే మనిషిలో కలవడం ఈ కథలో చిన్న విషయం కాదు. ఆమె వేసుకున్న ప్రశ్నలన్నీ చివరికి మంచం మీది రోగి దగ్గరికే వచ్చి ఆగుతాయి.

మలుపు స్టాన్‌ఫర్డ్‌లో వచ్చింది. క్రిములు జబ్బును ఎలా కలిగిస్తాయో జన్యువుల స్థాయిలో వెతకడానికి దారి వేసిన స్టాన్లీ ఫాల్కో ప్రయోగశాలలో ఆమె చేరారు. టీబీ క్రిమితో నేరుగా పనిచేయడం నరకం. రెండు కావడానికి ఒక్కో కణానికి 20 గంటల పైనే పడుతుంది. పళ్లెంలో కంటికి కనిపించే మచ్చగా ఎదగడానికి మూడు నాలుగు వారాలు. గాలి ద్వారా సోకే క్రిమి కాబట్టి కట్టుదిట్టమైన ప్రత్యేక గదులు కావాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. ఊపిరితిత్తి లోపల మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో ఏం జరుగుతుందో చూడటానికి దారే లేదు. రోగి దగ్గొస్తోందని డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి కథ చాలా దూరం నడిచిపోయి ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లోని బొమ్మలు చాలావరకు చనిపోయినవారి ఊపిరితిత్తుల ముక్కల నుంచి, లేదా ఎలుకల్ని చంపి తీసిన ముక్కల నుంచి వచ్చినవే. అవి ముగింపును చూపిస్తాయి, ఆరంభాన్ని చూపించలేవు.

ఆమె ఎంచుకున్నది మైకోబాక్టీరియం మెరైనమ్. టీబీ క్రిమికి దగ్గరి చుట్టం. చేపలకు, కప్పలకు టీబీ లాంటి జబ్బు తెస్తుంది. అక్వేరియం తొట్టెలు కడిగేవాళ్ల చేతుల మీద అప్పుడప్పుడు పుండ్లు లేపుతుంది. చల్లదనం దానికి ఇష్టం కాబట్టి మనిషి చర్మం దాటి లోపలికి పెద్దగా పోదు. టీబీ క్రిమి కన్నా చాలా వేగంగా పెరుగుతుంది. ఆ క్రిమికి జోడీగా దొరికిన జంతువు జీబ్రా చేప. గంగా, బ్రహ్మపుత్ర పరీవాహకాల్లోని నీళ్లలో పుట్టి, ప్రపంచమంతటా ప్రయోగశాలలకు పాకిన మన ఉపఖండపు చిన్న చేప ఇది.

ఆ ప్రయోగాన్ని కాస్త దగ్గరగా చూడాలి. గుడ్డులో ప్రాణం పోసుకుని ఒకటి రెండు రోజులే అయిన పిల్ల చేప మూడు మిల్లీమీటర్ల పొడవుంటుంది. ఒళ్లంతా పారదర్శకం. మత్తు ఇచ్చి, సన్నటి గాజు సూదితో కొన్ని క్రిముల్ని దాని రక్తనాళంలోకో మెదడు వెనక ఉన్న నీటి గదిలోకో ఎక్కిస్తారు. క్రిములకు ముందే మెరిసే ప్రోటీన్ తగిలించి ఉంటారు కాబట్టి సూక్ష్మదర్శిని కింద అవి వెలుగుతూ కనిపిస్తాయి. మాక్రోఫేజ్‌లు, అంటే క్రిముల్ని మింగే భక్షక కణాలు, దేహంలో తిరుగుతూ అక్కడికి వచ్చి వాటిని మింగేస్తాయి. మింగిన కణాలు కణజాలంలోకి వెళ్లి, మూడు నుంచి అయిదు రోజుల్లో ఒకచోట గుమిగూడి గడ్డ కడతాయి. ఆ గడ్డే గ్రాన్యులోమా, టీబీకి గుర్తింపు ముద్ర. చేపను చంపకుండా, కోయకుండా, అదే చేపలో ఇదంతా రోజుల తరబడి చూడవచ్చు.

2002లో ఇమ్యూనిటీ పత్రికలో వచ్చిన వారి వ్యాసం ఆ దృశ్యాన్ని మొదటిసారి బయటపెట్టింది. అందులో ఒక విశేషం ఉంది. ఆ వయసు చేపపిల్లలో లింఫోసైట్లు, అంటే ఒక్కో క్రిమిని ప్రత్యేకంగా గుర్తుపట్టి ఎదుర్కొనే తెల్ల రక్తకణాలు, ఇంకా తయారై ఉండవు. అవి పనిలోకి దిగడానికి వారాలు పడుతుంది. గ్రాన్యులోమా కట్టడానికి లింఫోసైట్లు, ముఖ్యంగా టీ-కణాలు తప్పనిసరని అప్పటిదాకా నమ్మిక. ఇక్కడ ఉన్నవి మాక్రోఫేజ్‌లు మాత్రమే. అయినా గడ్డ కట్టింది.

అక్కడి నుంచి 2001లో ఆమె సొంత ప్రయోగశాల పెట్టిన వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పని ఇంకా ముందుకు సాగింది. గ్రాన్యులోమా క్రిమిని బంధించే చెరసాల అని వైద్య విద్యార్థులు తరతరాలుగా చదువుకున్నారు. జే. మ్యూస్ డేవిస్‌తో కలిసి ఆమె 2009లో సెల్ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఆ చిత్రాన్ని తలకిందులు చేసింది. గడ్డలో ఒక మాక్రోఫేజ్ చనిపోతుంది. దాని శవాన్ని తినడానికి కొత్త మాక్రోఫేజ్‌లు పరుగెత్తుకొస్తాయి. శవంతో పాటు క్రిముల్నీ మింగుతాయి. ఒక కణంలో ఉన్న క్రిములు ఇప్పుడు అనేక కణాల్లో పంచుకుని కూర్చుంటాయి. వాటిలో కొన్ని గడ్డ విడిచి దేహంలో వేరే చోటుకు వెళ్లి కొత్త గడ్డకు బీజం వేస్తాయి. కనీసం మొదటి దశలోనైనా ఈ గడ్డ క్రిమికి సంతానం పెంచుకునే చోటు.

ఈ పని చేయించేది క్రిమిలోని ఒక జన్యుభాగం, దాని పేరు ఆర్‌డీ1. ఆర్‌డీ1 తీసేసిన క్రిమి వేస్తే కొత్త మాక్రోఫేజ్‌లు అంత జోరుగా రావు, గడ్డ సరిగా కట్టదు, క్రిమి బలహీనపడుతుంది. మన పిల్లలందరికీ పుట్టగానే వేసే బీసీజీ టీకాలో లేనిది సరిగ్గా ఈ ఆర్‌డీ1 భాగమే. కాల్మెట్, గెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు పశువుల టీబీ క్రిమిని 1908 నుంచి 13 ఏళ్లపాటు మళ్లీ మళ్లీ పెంచుతూ పోగా అది జబ్బు కలిగించే గుణం పోగొట్టుకుంది. ఎలా పోగొట్టుకుందో వాళ్లకు తెలిసే అవకాశమే లేదు. దాదాపు శతాబ్దం తర్వాత ఆ కారణంలోని పెద్ద భాగం చేపపిల్లల్లో కళ్లముందు కనిపించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చేపకు ఊపిరితిత్తులు లేవు, మెరైనమ్ అసలు టీబీ క్రిమి కాదు. లింఫోసైట్లు రంగంలోకి దిగాక గ్రాన్యులోమా చాలాసార్లు క్రిమిని అదుపు చేస్తుంది కూడా. పిట్స్‌బర్గ్‌లో జోఆన్ ఫ్లిన్ బృందం కోతుల మీద చేసిన పనిలో ఒకే జంతువు ఊపిరితిత్తుల్లో ఒక గడ్డ క్రిమిని పూర్తిగా చంపేస్తే, పక్క గడ్డలో అది విచ్చలవిడిగా పెరుగుతూ కనిపించింది. కాబట్టి చెరసాల అన్న మాట పూర్తిగా అబద్ధమని కాదు. ఆ తలుపులు ఏ దశలో ఎటు తెరుచుకుంటాయన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న వేసుకోవడం చేపల వల్లే సాధ్యపడింది.

2014లో ఆమె ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌కు మారారు. అదే ఏడాది నేచర్‌లో వచ్చిన వ్యాసం క్రిమి వేషాన్ని పట్టుకుంది. టీబీ క్రిమి ఒంటి మీద రెండు రకాల కొవ్వు పదార్థాలుంటాయి. ఒకటి క్రిమిని కప్పేసి, నిరోధక వ్యవస్థకు ఆనవాలు దొరక్కుండా చేస్తుంది. రెండోది క్రిముల్ని చంపలేని రకం మాక్రోఫేజ్‌లను ప్రత్యేకంగా రప్పిస్తుంది. అంటే చంపగలవాళ్ల కంట పడకుండా, చంపలేనివాళ్ల వాహనం ఎక్కి లోపలికి వెళ్తుంది. గొంతు, ముక్కు లాంటి పై భాగాల్లో ఎప్పుడూ ఏవో ఒక సూక్ష్మజీవులు తిరుగుతుంటాయి. వాటి కోసం చంపగల కణాలు అక్కడ సిద్ధంగా ఉంటాయి. టీబీ క్రిమి అతి చిన్న తుంపరల్లో ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి, ఆ రద్దీ లేని చోటే స్థిరపడటానికి ఇదొక కారణమని వారి వాదన. దగ్గేటప్పుడు మాస్కు, గదికి కిటికీ అని చెప్పే ఆరోగ్య కార్యకర్త మాట వెనక ఇంత లోతైన జీవశాస్త్రం ఉంది.

ఆమె పనిలో అన్నిటికన్నా విలువైనది, రోగికి నేరుగా చేరేది ఇన్‌ఫ్లమేషన్ లెక్క. ఇన్‌ఫ్లమేషన్ అంటే క్రిమి మీద పోరాటంలో ఒంట్లో రేగే వాపు, మంట. జబ్బుకు త్వరగా లొంగే చేపల్ని జన్యు మార్పులతో వెతుకుతుండగా ఆమె బృందంలోని డేవిడ్ టోబిన్‌కు ఎల్‌టీఏ4హెచ్ అనే జన్యువు చిక్కింది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ స్థాయిని తేల్చే రసాయనాల తయారీలో దీనిది కీలక స్థానం. ఈ జన్యువు పనిచేయని చేపల్లో టీఎన్ఎఫ్ అనే నిరోధక సంకేతం తగ్గి క్రిములు పెరిగిపోయాయి. ఇంతవరకు ఊహించిందే. తర్వాత అదే జన్యువును అతిగా పనిచేయించారు. టీఎన్ఎఫ్ ఎక్కువైంది. క్రిములు తగ్గుతాయనుకుంటే ఆ చేపలూ జబ్బుకు లొంగిపోయాయి. అన్నం ఉడకడానికి మంట కావాలి, మంట పెరిగితే మాడుతుంది. టీబీలోనూ అదే తంతు.

ఎందుకిలా జరుగుతుందో ఫ్రాన్సిస్కో రోకాతో కలిసి ఆమె చేసిన పరిశోధన విప్పింది. టీఎన్ఎఫ్ మోతాదు మించితే మాక్రోఫేజ్ లోపల శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా హానికర ఆక్సిజన్ అణువుల్ని విడుదల చేస్తుంది. మొదట్లో వాటి ధాటికి క్రిములు చస్తాయి. కొద్ది సేపటికే ఆ మాక్రోఫేజే పగిలి చచ్చిపోతుంది. బతికి ఉన్న క్రిములు బయటపడి, అడ్డుకునేవాళ్లు లేని చోట పోగులు పోగులుగా పెరుగుతాయి. 2013 నుంచి 2022 వరకు వచ్చిన వరస వ్యాసాల్లో ఈ గొలుసు ఒక్కో లంకె బయటికొచ్చింది. అందులో కాల్షియం పాత్ర తేలింది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం, మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు ఎదురు దిశలో ప్రవహించడం వల్లే ఈ విషం పుడుతోందని చూపించింది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ దాన్ని ఆపగలిగింది. బీపీకి వాడే కొన్ని కాల్షియం అడ్డుకట్ట మందులు కూడా గొలుసులో వేరే చోట పనిచేశాయి. ఇవి చేపల్లో, ప్రయోగశాల కణాల్లో కనిపించిన ఫలితాలు. టీబీ రోగి తనంతట తాను ఈ మాత్రలు వేసుకోవడానికి ఇవి అనుమతి కావు.

చేప దగ్గర కనిపించిన లెక్క మనిషికి వర్తిస్తుందా? దీనికి జవాబు వియత్నాంలో వెతికారు. టీబీ మెదడు పొరలకు పాకితే, మందులు వాడినా ఎంతోమంది చనిపోతారు. ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపితే ఏమవుతుందో గై త్వైట్స్ బృందం అక్కడ 545 మంది మీద పరీక్షించి 2004లో ప్రచురించింది. మరణాలు సుమారు 41 శాతం నుంచి 32 శాతానికి తగ్గాయి. కానీ స్టెరాయిడ్ అందరికీ సమానంగా మేలు చేసిందా? 2012లో టోబిన్, రామకృష్ణన్, వియత్నాం బృందం కలిసి ఆ రోగుల జన్యువులు చూశారు. ఎల్‌టీఏ4హెచ్‌ ఎక్కువ పనిచేసే రకం జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చినవాళ్లలో ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువ. స్టెరాయిడ్ వల్ల ప్రాణాలు దక్కింది ప్రధానంగా వాళ్లకే. ఒకే జబ్బు, ఒకే మందు. ఒకరికి ప్రాణదానం, ఇంకొకరికి పెద్దగా ప్రయోజనం లేదు.

ఈ ఫలితం అన్నిచోట్లా అచ్చుగుద్దినట్టు రాలేదు. ఇండొనేసియా రోగుల్లో చూస్తే ఆ జన్యువుకూ మరణాలకూ సంబంధం కనిపించలేదు. జనాభాలు వేరు, జబ్బు ముదిరిన దశ వేరు, వైద్యం అందే తీరు వేరు. జన్యువును బట్టి స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి వియత్నాంలోనే ప్రత్యేకంగా క్లినికల్ ట్రయల్ రూపొందించారు. విజ్ఞానం నడవాల్సిన పద్ధతి ఇదే. మంచి ఊహకు గట్టి పరీక్ష పెట్టాలి.

టీఎన్ఎఫ్ తగ్గితే ఏమవుతుందో మాత్రం మనుషుల్లో ముందే తేలిపోయింది. కీళ్లవాతానికి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటుంది. ఆ మందు వాడినవాళ్లలో టీబీ బయటపడుతోందని 2001లోనే హెచ్చరిక వచ్చింది. అందుకే ఇప్పుడు ఆ ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు డాక్టర్లు టీబీ పరీక్ష రాస్తారు. రెండు వైపులా లోయ, మధ్యలో సన్నని బాట ఉందని చేపలూ, ఈ రోగులూ కలిసి చెబుతున్నారు. కోవిడ్ తర్వాత మన ఊళ్లలో ప్రతి కషాయం, ప్రతి పొడి ఇమ్యూనిటీ పెంచుతుందంటూ అమ్ముడవుతోంది. ఏ స్పందన, ఎక్కడ, ఎంత అని చెప్పకుండా పెంచుతామనడంలో అర్థం లేదని టీబీ అంత స్పష్టంగా చూపే జబ్బు మరొకటి లేదు.

ఆమె బృందం తేల్చినవి ఇంకా చాలా ఉన్నాయి. 2011లో సెల్‌లో వచ్చిన వ్యాసం టీబీకి ఆరు నెలల మందులు ఎందుకన్న ప్రశ్నకు ఒక జవాబిచ్చింది. మాక్రోఫేజ్‌లో చేరగానే క్రిమి తన ఒంటి పంపుల్ని చురుగ్గా చేసి మందును బయటికి తోసేస్తుంది. జన్యువు మారకుండానే మందును తట్టుకుంటుంది. వెరాపమిల్ అనే పాత గుండె మందు ఆ పంపుల్ని ఆపగలిగింది. 2016లో పొగతాగేవారి ఊపిరితిత్తుల మాక్రోఫేజ్‌లను చూస్తే, జీర్ణం కాని చెత్త నిండిపోయి అవి సరిగా కదల్లేకపోతున్నాయి. బీడీ, సిగరెట్ మానమని టీబీ రోగికి చెప్పడం నీతిబోధ కాదు, చికిత్సలో భాగమని దీన్నిబట్టి అర్థమవుతుంది.

చివరిది ప్రయోగశాల పని కాదు, లైబ్రరీ పని. భారతదేశానికి నేరుగా తగిలేది కూడా ఇదే. ప్రపంచంలో నాలుగో వంతు జనంలో టీబీ క్రిమి నిద్రాణంగా ఉందని, ఎప్పుడో ముసలితనంలో లేస్తుందని మనం చదువుకున్నాం. మార్సెల్ బెర్, పాల్ ఎడెల్‌స్టీన్‌లతో కలిసి ఆమె 2018, 2019లలో బ్రిటిష్ వైద్య పత్రిక బీఎంజేలో రాసిన రెండు వ్యాసాలు ఆ నమ్మకాన్ని ప్రశ్నించాయి. దశాబ్దాల నాటి టీకా ప్రయోగాలు, రోగుల ఇళ్లలోవారిని ఏళ్ల తరబడి గమనించిన నివేదికలు తిరగేశారు. అలాంటి ఓపికైన పని తెలుగు నేల మీదా జరిగింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం వైద్యులు 1950లలో చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీ వేసి ఏళ్లపాటు జనాన్ని గమనించారు. పాత లెక్కల్లో తేలింది ఇది: జబ్బు వచ్చేవాళ్లలో అత్యధికులకు క్రిమి సోకిన రెండేళ్లలోపే వస్తుంది. దశాబ్దాల తర్వాత లేవడం అరుదు. ఇక క్రిమి సోకిందా అని చూసే చర్మ పరీక్ష పాజిటివ్ వచ్చినవాళ్లలో నిరోధకత బాగా దెబ్బతిన్నా పదింట తొమ్మిది మందికి టీబీ రాలేదు. అంటే పాజిటివ్ అన్నది చాలామందిలో ఒకప్పుడు క్రిమి వచ్చి వెళ్లిన జ్ఞాపకం మాత్రమే కావచ్చు. క్రిమి ఎప్పుడో చనిపోయి ఉండవచ్చు.

2023లో ప్రపంచంలో 1.08 కోట్ల మందికి టీబీ వచ్చిందని, 12.5 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. రోగుల్లో 26 శాతం భారతీయులే. ఇంత మంది ఉన్న దేశంలో రెండేళ్ల లెక్క పనిచేసే తీరునే మార్చాలి. ఇంట్లో ఒకరికి కళ్లె పరీక్ష పాజిటివ్ వచ్చిందంటే గడియారం మొదలైనట్టే. ఆ ఇంట్లోవాళ్లను వెంటనే, ఆ రెండేళ్లూ మళ్లీ మళ్లీ చూడాలి. రోగితో కలిసి ఉండేవారికి, వయసుతో పని లేకుండా, నివారణ మందు ఇవ్వాలని 2021లో కేంద్రం మార్గదర్శకాలు విస్తరించింది. దిశ సరైనదే. కానీ మంచి ఆరోగ్యంతో ఉన్న మనిషికి నెలల తరబడి మాత్రలు ఇచ్చేటప్పుడు ఎవరిలో క్రిమి బతికి ఉందో, ఎవరిలో చచ్చిందో తెలియాలి. ఇప్పుడున్న చర్మ పరీక్ష గానీ, రక్త పరీక్ష గానీ ఆ తేడా చెప్పలేవు.